నొప్పి తెలిసేదాకా

రిగ్జిన్‌కి మనుషులతో పేచీ. అతనుండే మఠం హిమాలయాల్లో, దేవదారు చెట్లు ఆగిపోయే ఎత్తులో ఉంది. గురువుగారిని తీసేస్తే అక్కడ అతనితో ఉన్నది ఇద్దరే భిక్షువులు. ఆ ఇద్దరూ అతనికి ఎక్కువయ్యారు. ఒకాయన గురక పెడతాడు, ఇంకొకాయన వద్దన్నా కబుర్లు చెబుతాడు. వీళ్ల మధ్య ధ్యానం కుదరడం లేదనీ, ఈ శీతాకాలం కొండ మీది గుహలో ఒంటరిగా గడుపుతాననీ గురువుగారిని అనుమతి అడిగాడు.

గురువు నోర్ఫెల్‌గారికి అరవై దాటాయి. ఆయన కాదనలేదు. ఎల్లుండి ఎలాగూ అవతలి ఊరికి వెళ్తున్నాం, గుహకి దారి చీలేది ఆ కొండ మీదే, అక్కడ చెప్తానన్నారు.

అవతలి ఊరంటే పదిహేను ఇళ్లు. మంచు పడ్డాక వాళ్లని పలకరించే దిక్కుండదు. అందుకని ఏటా భిక్షువులందరూ కలిసి వెళ్లి, అక్కడి ముసలివాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేసి వస్తారు. లోయలో మంచుచరియలు విరిగిపడతాయి కనుక కొండ అంచు మీదుగానే నడవాలి. అక్కడ చెట్టూ లేదు, చాటూ లేదు. రెండు పక్కలా లోయ, మధ్యలో నాలుగడుగుల దారి, మొహం కోసేసే గాలి.

ఆ దారిలో వాళ్లకో అలవాటుంది. వంద అడుగులకోసారి ఆగి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చూసి మళ్లీ నడుస్తారు. రిగ్జిన్ కింది ఊళ్లోని మఠం నుంచి ఈమధ్యే వచ్చాడు, ఇక్కడ ఇదే మొదటి శీతాకాలం. అతనికి ఇదంతా చాదస్తంలా తోచింది. గురువుగారికి ఎదురుగా రెండుసార్లు నిలబడ్డాడు. మూడోసారి ఆగకుండా ముందుకు వెళ్లిపోయాడు. వెనక నుంచి ఆయన పిలుస్తుంటే, గాలికి వినపడనట్టు నటించాడు కూడా. మిగతా ఇద్దరినీ మెల్లగా రమ్మని చెప్పి గురువుగారు ఒక్కరే అతని వెనక గబగబా బయల్దేరారు.

దారి చీలే చోటికి రిగ్జిన్ ముందే చేరాడు. కాస్త దూరంలో గుహ నల్లగా కనిపిస్తోంది. అప్పుడు గమనించాడు. ఇందాకటిదాకా ఎడమ చెంపని సూదుల్లా గుచ్చిన చలి ఇప్పుడు లేదు. హాయిగా ఉంది. పదేళ్ల సాధన ఫలించిందనుకుని పొంగిపోయాడు.

గురువుగారు రొప్పుతూ వచ్చారు.

"గురువుగారూ, చలి నన్నిక తాకడం లేదు" అన్నాడు రిగ్జిన్.

ఆయన అతని ముఖంలోకి చూశారు. చేతితొడుగు పళ్లతో లాగేసి, వట్టి అరచేయి అతని ఎడమ చెంపకి ఆనించారు. అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ గాలిలో, ఆ వయసులో, వేళ్లు కొయ్యబారుతున్నా చెయ్యి తీయలేదు. ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

కాసేపటికి చెంప చురుక్కుమంది. తర్వాత నిప్పంటుకున్నట్టు మండింది. రిగ్జిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొప్పి తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అమ్మయ్య. చలికి మొద్దుబారి తెల్లగా పాలిపోయింది నాయనా. ఇంకాస్త ఆలస్యమైతే చెంప చచ్చిపోయేది."

"నాకేమీ తెలియలేదు."

"ఎవరిది వాళ్లకి తెలియదు."

తర్వాత ఆయన గుహ వైపు చెయ్యి చూపించారు. అనుమతి ఇస్తున్నాననీ, వెళ్లాలనుంటే ఇటునుంచి ఇటే వెళ్లొచ్చనీ చెప్పారు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు.

రిగ్జిన్ గుహ వైపు చూశాడు. ఇన్నాళ్లూ కోరుకున్న ఏకాంతం అక్కడే ఉంది, వద్దనేవాళ్లు లేరు.

గురువుగారు తన ముఖం అతని ముందుకు తెచ్చారు.

"వెళ్లేముందు నాది ఒకసారి చూసి చెప్పు."

ముక్కు కొన మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ. అతని వెనక అంతదూరం ఒంటరిగా వచ్చిన ఆయన ముఖం ఎవరూ చూడలేదు.

రిగ్జిన్ గుహకి వీపు తిప్పి, తన చేతితొడుగు తీశాడు.