తిప్పన ఇంటి ఉయ్యాల

ఒకానొక రాజ్యంలో, పేరు కుంభగిరి అనుకోండి, రణకేసరి అనే రాజుండేవాడు. మంచివాడే తల్లీ, కాకపోతే తన మీసం మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు.

ఆయన కొలువులో తిప్పన అనే చమత్కారి. ఒకనాడు సభకు ఆలస్యంగా వచ్చాడు.

"ఏమయ్యా, ఇంతసేపూ ఏం వెలగబెడుతున్నావు?" అన్నాడు రాజు.

"మా ఆవిడ పచ్చి బాలింత ప్రభూ. కాస్త కునుకు తీస్తుందని, బిడ్డ ఉయ్యాల ఊపి వస్తున్నా."

సభ గొల్లుమంది. రాజు ముఖం జేవురించింది.

"మగవాడివై ఉండి ఉయ్యాల ఊపుతావా! ఆ తాడు పట్టిన చేయి రేపు కత్తి పడుతుందా? నీకిక కొలువు లేదు, పో!"

కొలువు పోతే తిప్పన ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా తొణక్కుండా, "చిత్తం. కానీ ఇది నా ఒక్కడి తగవు కాదు, ఊళ్లో మగవాళ్లందరిదీ. రేపు గోకులాష్టమి, కోవెలకు జనమంతా వస్తారు. అక్కడే చర్చ పెట్టించండి. అందరి ముందూ ఓడి వెళతాను" అన్నాడు.

జనం ముందు గెలిచే అవకాశం వదులుకుంటాడా రాజు? సరేనన్నాడు.

మరునాడు కోవెల కిటకిటలాడింది. చంటి యువరాజును ఒడిలో పెట్టుకుని రాణిగారూ వచ్చి కూర్చుంది. ఆస్థాన పండితుడు గొంతు సవరించుకుని మగతనం గురించి ఊదరగొట్టాడు. "ఒక్క పూట బిడ్డనెత్తుకుని చూడవయ్యా, తెలుస్తుంది!" అని ఓ ముసలమ్మ కేక. రాజు అదేం పట్టించుకోకుండా లేచి, "ఉయ్యాల ఊపిన మగవాడు ఎవడైనా సరే, నా కొలువులో అడుగు పెట్టరాదు. ఇదే శాసనం!" అని గర్జించాడు.

అంతలో గంట మోగింది. "ప్రభూ, వేళయింది. ఆనవాయితీ ప్రకారం చిన్నికృష్ణుడికి తొలి ఊపు తమదే" అంటూ అర్చకుడు పూల ఉయ్యాల తాడు చేతికిచ్చాడు. రాజు భక్తితో కళ్లు మూసుకుని ఊపాడు.

కళ్లు తెరిచేసరికి పక్కన తిప్పన, తలపాగా తీసి చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"పదండి ప్రభూ, ఇళ్లకు పోదాం. మనిద్దరికీ ఇక కొలువు లేదు."

"ఓరి మూర్ఖుడా! ఇది దేవుడి సేవరా!"

"నా మనవీ అదే. స్వామిని ఊపితే సేవ, ఆ స్వామి ఇచ్చిన బిడ్డను ఊపితే తప్పా? పైగా తమ స్వామి దయామయుడు, ఊపడం ఆపినా ఏడవడు. మావాడైతే కోట బురుజు దాకా వినిపిస్తాడు!"

కోవెలంతా నవ్వులు. రాజు మీసాలు ముందు బిగుసుకున్నాయి, ఆపైన వణికాయి, ఆఖరికి ఆయనా పగలబడి నవ్వేశాడు. శాసనం అక్కడే రద్దు. మెడలోని ముత్యాల హారం తీసి తిప్పనకు వేసి, "కొలువు నీదేనయ్యా. ఆలస్యంగానే రా!" అన్నాడు.

ఇంతలో రాణిగారి ఒడిలో చంటి యువరాజు గుక్కపట్టాడు. "చేయి ఎలాగూ అలవాటయింది కదా..." అంది రాణి నెమ్మదిగా.

రాజు తిప్పన చెవి దగ్గరకు వంగాడు. "ఒరేయ్, జోలపాట ఏది పాడతావో చెప్పు, త్వరగా!"

ఇదంతా చూసి పూల ఉయ్యాలలో నవ్విన ఆ చిన్నికృష్ణుడే మీ ఇళ్ల ఉయ్యాలలనూ చల్లగా చూచుగాక!