ఈదమ్మ వేసిన చాటింపు

అనగనగా అని మొదలుపెట్టడానికి ఇది నిన్నమొన్నటి కథ కాదు. గుట్టలు ఇంకా మెత్తగా ఉండి, ఎక్కితే కాలు దిగబడే రోజుల్లో ఏడుగుట్టలపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో చాటింపు వేసేవాడు బక్కన్న. అతని భార్య ఈదమ్మ.

పేరుకే బక్కన్న. డప్పు భుజాన వేసుకుని "వినుండ్రి!" అన్నాడంటే మూడు గుట్టల అవతల మేకలు మేత ఆపేవి. ఎగిరే కొంగలు దిగి కూర్చునేవి. పుట్టుచెవిటి ముసలమ్మ "ఎవడ్రా అరిచేది?" అని లేచేది. నువ్వు చూశావా అంటారేమో. చూసినవాళ్లను చూసినవాడి నోట విన్నాను. ఇంకా అనుమానముంటే పోయి గుట్టల్నే అడగండి.

ఆ ఊరికి ఒక కట్టుబాటుండేది. పటేలు ఏ తీర్పు చెప్పినా డప్పు మీద మూడుచోట్ల చాటితేనే చెల్లుతుంది. రచ్చకట్ట దగ్గర ఒకసారి, చేదబావి దగ్గర ఒకసారి, పొలిమేర దగ్గర ఒకసారి. చాటింపు అయ్యాక ఇక ఎవరూ "నాకు తెలీదు" అనడానికి లేదు.

అంత గొంతున్నవాడు ఇంట్లో వెన్నపూస. ఈదమ్మ కాలికి ముల్లు గుచ్చుకుంటే "అబ్బా" అని తనే అరిచేవాడు.

అలాంటివాడు మారాడు. యాభై నిండలేదు, తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. దారులు మరిచాడా? లేదు. పేర్లు మరిచాడా? లేదు. మనిషే మారాడు. పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు ముక్కు వంకరని డప్పు కొట్టి మరీ చాటాడు. ఎవరి పళ్లెంలో బెల్లం కనిపిస్తే ఆ పళ్లెంలో చెయ్యి పెట్టాడు. ఒకరోజు గంజి ఒలికి ఈదమ్మ చెయ్యి బొబ్బలెక్కింది. ఆమె కిందపడి కేకలు పెడుతుంటే, బక్కన్న ఆమెను దాటుకుంటూ పోయి, ఉట్టి మీది బెల్లం తీసుకుని తిన్నాడు.

చేతి మంట తొమ్మిది రోజులకు చల్లారింది. దాటుకుపోయిన ఆ అడుగు మాత్రం ఈదమ్మ గుండెలో మండుతూనే ఉంది.

"పొగరు" అంది ఊరు. "తాగుడు" అంది. "దయ్యం" అంది. ఈదమ్మ కాళ్లు పట్టుకుని బతిమాలింది, పొగరు దిగలేదు. కల్లుముంత పగలగొట్టింది, గుణం మారలేదు. భూతవైద్యుడు వేపమండలతో బాదాడు. మూడు వేపచెట్లు బోడులయ్యాయి గాని దయ్యం జాడ లేదు. చివరికి ఏడు వాగులు దాటించి, మూలికలిచ్చే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆ ముసలమ్మకు మూడు వందల ఏళ్లు, ఒక్క పన్నూ ఊడలేదు! ఆమె బక్కన్న నుదురు తడిమింది.

"బిడ్డా, నుదుటెనక మంచీచెడ్డా చూపే దీపం ఒకటుంటది. నీ మొగనికి అది సన్నగిల్లుతున్నది. కావాలని చేస్తలేడు."

"మందుందా, అవ్వా?"

"లేదు."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఆయన్ను చూసుకో. నిన్ను చూసేటోళ్లను ఎతుక్కో."

మొదటి మాట ఈదమ్మ విన్నది. రెండోది వినలేదు. సిగ్గుపడి జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. పగలంతా అతని వెంట నడిచింది, రాత్రంతా తలుపుకు అడ్డంగా పడుకుంది. అలా మూడేళ్లు.

అప్పుడు పటేలు తల్లి పోయింది. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఊరంతా దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది. కాకి రాలేదు. బక్కన్న వచ్చాడు. పకపకా నవ్వి, ఆకు ముందు కూర్చుని, బెల్లం ముద్ద నోట్లో వేసుకున్నాడు.

పటేలు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "పొద్దు గూకేలోపు వీడు పొలిమేర దాటాలె! చాటించుండ్రి!"

చాటించాలి సరే. చాటేదెవరు? ఊరికి ఉన్నది బక్కన్న ఒక్కడే కదా.

"నువ్వే కొట్టవే, ఈదమ్మా" అన్నాడు పటేలు.

"ఆడిది డప్పు ముడ్తదా!" అన్నారెవరో.

"ఆమె మొగుడు పిట్ట కూడు ముట్టలేదా?" అన్నారు ఇంకొకరు.

ఈదమ్మ డప్పు అందుకుంది. గడ్డిమంట వేసింది. డప్పు కాచింది. రచ్చకట్ట ఎక్కి మూడు దెబ్బలు కొట్టింది. ఇంతవరకూ ఒకటికి పది చెప్పానేమో గాని, ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆమె గొంతు పెద్దది కాదు.

"వినుండ్రి. విననోళ్లకు విన్నోళ్లు చెప్పుండ్రి. నా పెనిమిటికి జబ్బు చేసింది. పొగరు గాదు, తాగుడు గాదు, దయ్యం గాదు. నుదుటెనక దీపం సన్నగిల్లింది. నవ్వకుండ్రి. కొట్టకుండ్రి. నన్నొక్కదాన్నే ఇడ్సిపెట్టకుండ్రి. మూడేండ్లాయె నేను కండ్లు మూసి."

బావి దగ్గర అదే చాటింది. పొలిమేర దగ్గరా అదే. ఊరంతా వెనకే నడిచింది.

"నేను చాటమన్నది గిదేనా?" అన్నాడు పటేలు.

"నీ మాట కూడ చాటుత, పటేలా. ఇగ తెలీదనేటోళ్లు ఊళ్లె లేరు. 'జబ్బు మనిషిని ఎల్లగొడ్తున్నం' అని చాటాల్నా? నువ్వెట్ల చెప్తే అట్లనే."

నిక్కిన పటేలు మీసాలు కిందికి వాలాయి. ఆ తీర్పు ఇక చాటమనలేదు. అతని భార్య ముందుకొచ్చి బక్కన్న చెయ్యి పట్టుకుంది.

"మా అత్తకు బెల్లమంటే పానం. ఆమె ముద్ద ఆకలైనోడే తిన్నడు, పోనియ్యుండ్రి. ఈదమ్మా, ఇయ్యాల్టికి మా వాకిట్ల కూసుంటడు. నువ్వు పోయి పండుకో."

ఈదమ్మ పోయి పడుకుంది. ఆమె గురకకు ఏడు గుట్టలూ కదిలాయంటారు. నేను కాదనను.

బక్కన్న బాగుపడలేదు. మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరికి "వినుండ్రి" ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయింది. కానీ అతను కన్నుమూసేదాకా రోజుకో ఇల్లు అతన్ని వాకిట్లో కూర్చోబెట్టుకుంది. చాలా ఏళ్లకు ఈదమ్మ కూడా పోయింది. ఆమె డప్పును ఊరు దాచుకుంది.

ఆ వైపు పల్లెల్లో ఇప్పటికీ మంచిమనిషి గుణం ఉన్నట్టుండి మారితే, తిట్టబోయేవాళ్లను పెద్దవాళ్లు ఆపుతారు. "ఆగుండ్రి. ఈదమ్మ చాటింపు ఇనలేదా?" అంటారు. ఆ ఇంటి ముందు డప్పు మీద మూడు దెబ్బలు కొట్టి, ఎవరింటి వంతు ఏ రోజో చెప్పుకుంటారు.

పిట్టకు పెట్టిన రోజున ఆకులో రెండు బెల్లం ముద్దలుంటాయి. ఒకటి కాకికి. రెండోది ఎవరొచ్చి తిన్నా, ఎవరూ నవ్వరు.