ద్వీపం నుంచి వచ్చిన పండు

శరభవరం రాజుగారి మొండి దగ్గు ఆస్థాన వైద్యుడు వాచస్పతి ఇచ్చిన కషాయంతో తగ్గింది. అందులో శొంఠి, తులసితో పాటు సముద్రం అవతలి ద్వీపంలో కాసే అపురూపమైన పండు ఉందని ఆయన ఊరంతా చాటుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. "సంతలో సుంకులమ్మ అమ్మే కషాయం ఒట్టి పిచ్చిమొక్కల నీళ్ళు, ఆ అమ్మకం మాన్పించండి ప్రభూ" అన్నాడు.

రాజు సుంకులమ్మను పిలిపించాడు. ఆమె ద్వీపపు పండు ఉందన్న వైద్యుడి జాడీలోంచి ఎండిన ముక్క ఒకటి తీసి రాజుకిచ్చింది.

"నమిలి, మంచినీళ్ళు తాగండి ప్రభూ."

నీళ్ళు తియ్యగా తగిలాయి. "ఇది ఉసిరి కదా!" అన్నాడు రాజు.

"ద్వీపపు ఉసిరి ప్రభూ!" అన్నాడు వైద్యుడు తడబడుతూ.

"మరి ప్రతి ముక్కకూ ఈ చిల్లేమిటి బాబయ్యా?" అంది సుంకులమ్మ.

"అక్కడివాళ్ళు ఇనుప సూదితో దండ గుచ్చి ఆరబెడతారు. నా కళ్ళతో చూశాను!"

సుంకులమ్మ ఒక పచ్చి ఉసిరికాయకు ఇనుప సూది గుచ్చి రాజు ముందు పెట్టింది. రాజు తాంబూలం నమలడం పూర్తయ్యేసరికి చిల్లు చుట్టూ నల్లబడింది.

"ఇనుము తగిలితే ఉసిరి నలుపెక్కుతుంది. అందుకే మా గొడుగుపల్లెలో తుమ్మముల్లుతో గుచ్చుతాం. ఈ ముక్కల్లో నలుపెక్కడుంది? బాబయ్య వీటిని కొన్న రేవు వర్తకుడికి అమ్మింది నేనే ప్రభూ. మా ఉసిరి ఏ సముద్రమూ దాటకుండానే మీ దగ్గు తగ్గించింది."

వైద్యుడు తల దించుకున్నాడు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఆ జాడీ మీద మా పల్లె పేరు రాయించండి, చాలు."

రాజు కలం తెప్పించి వైద్యుడి చేతికే ఇచ్చాడు.

"కాస్త పెద్ద అక్షరాలతో, బాబయ్యా" అంది సుంకులమ్మ.