తెల్లకొండను నమ్మని రాకుమారుడు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, కుంభపురాన్ని సుధన్వుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, నడిపివాడు వసంతుడు, చిన్నవాడు సుమేధుడు. సుమేధుడికి చిన్నప్పటినుంచీ అనుమానం జాస్తి. పాలు ఇస్తే వాసన చూసేవాడు, మెట్టు ఎక్కే ముందు కాలితో తట్టి చూసేవాడు. అందరూ నవ్వుకునేవారు.

ఏడు సముద్రాల అవతల తెల్లకొండ మీద కరాళుడనే మాంత్రికుడుండేవాడు. వాడు పొరుగు రాజు కూతురు మందాకినిని ఎత్తుకుపోయి కొండకొమ్మున కోటలో బంధించాడు. ఆమెను విడిపిస్తానని జయంతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. వసంతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇద్దరినీ మంచు మింగేసిందన్నారు. తల్లి వద్దని ఏడుస్తున్నా సుమేధుడు బయలుదేరాడు.

ఏడు సముద్రాలూ దాటి కొండ చేరేసరికి ఒక కొండమేక కాలు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని విడిపించాడు. మేక మాట్లాడింది. మాంత్రికుడి ప్రాణం కోటవాకిట పంజరంలోని చిలకలో ఉందని చెప్పింది. పైకి చూస్తే మంచంతా ఒకటేననీ, కింద రాళ్లఉప్పులా పొడిపొడిగా ఉంటే పైన పేరుకున్న గట్టి పలకకు పట్టు ఉండదనీ, ఒక్క అడుగు పడితే కొండవాలంతా జారిపోతుందనీ చెప్పింది. సుమేధుడు మేకనూ నమ్మలేదు. కత్తితో తవ్వి చూశాడు. పైన పలక, కింద ఉప్పు. నిజమే.

కొంతదూరం ఎక్కగానే ఒక ముసలి గొర్రెలకాపరి ఎదురై, ఈ వాలు మీదే రోజూ నడుస్తాను, భయంలేదు పొమ్మన్నాడు. సుమేధుడు మంచుకేసి చూశాడు. ఒక్క కాలిగుర్తు కూడా లేదు.

"అయితే తాతా, నువ్వు ముందు నడువు. నీ అడుగులోనే అడుగేస్తాను" అన్నాడు.

ముసలివాడు దగ్గుతూ దగ్గుతూ మాయమైపోయాడు.

ఇంకా పైకి వెళితే మంచులోంచి జయంతుడి గొంతు వినిపించింది. "తమ్ముడూ, ఇక్కడున్నాను, రా" అని. సుమేధుడు అటు తిరిగాడు. కాలు ఎత్తాడు కూడా. కానీ అన్న తనను ఎప్పుడూ చిన్నోడా అనే పిలిచేవాడు. కాలు వెనక్కి తీసుకుని ఒక బండరాయిని దొర్లించాడు. గుమ్మని మోత, ఒక బీట పాములా పరుగెత్తింది, వాలంతా విరిగి లోయలో పడింది. మంచు జారిపోయిన చోటుగా సుమేధుడు పైకెక్కాడు.

మూడోసారి కోట కిటికీలోంచి మందాకిని పిలిచింది. తిన్నగా రావద్దనీ, ఎడమవైపు గాలికి మంచు కొట్టుకుపోయి రాళ్లు తేలిన గట్టు మీదుగా రమ్మనీ చెప్పింది. ఇదీ మాయే అనుకున్నాడు.

"నువ్వు కరాళుడివి కావని ఎలా నమ్మను?"

"నమ్మకండి. తవ్వి చూడండి" అంది ఆమె. "చలికాలమంతా ఈ కిటికీలోంచి చూశాను. ముందు కొద్దిగా కురిసింది. నెల్లాళ్లు ఎముకలు కొరికే చలికి అది ఉప్పులా పొడైపోయింది. తరవాత మూడు రోజుల గాలికి పైన పేరుకుంది. మూరెడు గట్టి మంచు, దాని కింద ఉప్పు, అడుగున రాయి. అలా లేకపోతే నన్ను వదిలేసి వెళ్లిపోండి."

తవ్వాడు. మూరెడు గట్టి మంచు, ఉప్పు, రాయి. సుమేధుడు రాళ్లగట్టు మీదుగా ఎక్కాడు.

కోటవాకిట పంజరంలో చెయ్యి పెట్టి చిలకను పట్టుకునేసరికి కరాళుడు అవతలి గుట్ట మీదినుంచి చూశాడు. ఆదరాబాదరాగా వాలుకు అడ్డంగా పరుగెత్తాడు. కాళ్లకింద మంచు గుమ్మంది. పలక విరిగింది. వాణ్ణి ఈడ్చుకెళ్లి మెడదాకా పూడ్చేసింది. ప్రాణం చిలకలో ఉంది కాబట్టి చావలేదు. చిలకను వదిలేస్తే నీ దాసుడినై పడి ఉంటానని మొరపెట్టుకున్నాడు.

"ముందు మా అన్నలు" అన్నాడు సుమేధుడు.

వాడు మంత్రం చదివాడు. జయంతుడూ వసంతుడూ మంచులోంచి కళ్లు నులుముకుంటూ లేచారు. దాసుడి మాట మాత్రం సుమేధుడు నమ్మలేదు. చిలక మెడ తిప్పేశాడు. కరాళుడు ఆవిరైపోయాడు. కోట తలుపులు తెరుచుకుని మందాకిని బయటికి వచ్చింది.

వెంటనే దిగుదామని అన్నలు తొందరపడ్డారు. ఎండకు మంచు మెత్తబడింది, తెల్లవారి గడ్డకట్టాక దిగుదామంది మందాకిని. అన్నలు చిన్నోడి ముఖం చూశారు, తవ్వి చూస్తాడేమోనని. వాడు కత్తి ఒరలో పెట్టి కోటలోకి నడిచాడు.

తెల్లారి నలుగురూ క్షేమంగా దిగారు. కుంభపురంలో పదహారు రోజులు పెళ్లి జరిగింది. సుమేధుడూ మందాకినీ అరవై ఏళ్లు రాజ్యమేలారు. వాళ్లక్కడ చల్లగా ఉన్నారు, మనమిక్కడ చల్లగా ఉన్నాం.