పేగులదే మొదటి తూము

మా చెరువు సముద్రమంత ఉంటుంది. సరే, ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున ‘చిరంజీవ’ అంటారు, అంతే. అందులో వెదురు కర్రలు పాతి, చేపల మేతకని చిల్లులు పెట్టిన తవుడు సంచులు కట్టారు. తెల్లారితే చేపలన్నీ వాటి దగ్గరే.

నీళ్లలో మునిగి చేపల్ని తరిమి పట్టే నీటికాకికి కుర్ర రాగండి ఒక్కడే దొరకడు. తోక విదిలించాడంటే మాయం. తరిమి తరిమి విసిగిన నీటికాకి ఒకనాడు సంచి కట్టిన కర్ర మీద తీరిగ్గా వాలాడు.

“అల్లుడూ, ఖాళీ కడుపుతో ఎవడైనా ఈదుతాడు. గొంతుదాకా తిని, ఆ వెంటనే నాతో గట్టుదాకా పందెం ఈదగలవా?”

“తింటే బలమే కదా మామా. ఓడేది నువ్వే,” అని రాగండి సంచికి మూతి ఆనించాడు.

కింద బురదలోంచి విషపు ముల్లున్న చేప, ముసలి ఇంగిలాయి, మీసాలు ఆడించాడు. చేప ఒంటి గుట్టంతా తనకే తెలుసని ఆయన ధీమా.

“ఆగరా మనవడా. మొప్పల్లో శుద్ధైన నెత్తురు వెన్నెముక కింద పెద్ద కాలువలో పడుతుంది. ఆ కాలువ మొదట్లోనే ఓ పెద్ద తూము. అది పేగులది. తిన్నావంటే బార్లా తెరుచుకుంటుంది. అటు పోయిన నెత్తురు మేత సారం మోసుకుని కాలేయానికి వెళ్లాలి, ఆ తరవాతే గుండెకు.”

“అయితే?”

“అయితే నీ తోక శివారు చేను. పైవాళ్లు తడుపుకుంటుంటే దానికి నీళ్లెక్కడివి?”

“తిన్నది బలం కాదా తాతా?”

“అవుతుంది. రేపు.”

నీటికాకి నవ్వాడు. “పెద్దాయనకు నీ ఈత చూస్తే కడుపుమంట, అల్లుడూ.”

“అదే మరి. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగనూనెట,” అన్నాడు రాగండి. పొట్ట బిగిసేదాకా తిన్నాడు.

పందెం మొదలైంది. రాగండి తోక విదిలించాడు. తోక బరువుగా ఊగింది, ఒళ్లు ముందుకు సాగలేదు. నీటికాకి గట్టు వైపు చూడనైనా లేదు. మునిగి, నేరుగా వాడి మీదికే వచ్చాడు.

“మామా, పందెం గట్టుదాకా కదా.”

“నాది ఇక్కడిదాకే, అల్లుడూ.”

తలవైపు నుంచి మింగి, కర్రెక్కి రెక్కలు ఆరబెట్టుకున్నాడు.

పిల్ల చేపలు ఇంగిలాయి చుట్టూ చేరాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. “నీతి వినండర్రా. మన కడుపు నింపుకోమనేవాడు తన కడుపు సంగతి ముందే చూసుకుంటాడు.”

“ఇంత తెలిసీ, నీ ముల్లు ఎత్తి అడ్డుపడలేదేం తాతా?” అంది ఓ పిల్ల.

ఇంగిలాయి మీసాలు బురదలోకి వాల్చాడు.

“పడదామనే అనుకున్నానమ్మా. కానీ పాఠం చెబుతున్నంతసేపూ పైనుంచి రాలిన తవుడు తింటూనే ఉన్నాను. నా తోకా కదల్లేదు.”