ఎర్ర పట్టీలో తెల్ల అక్షరాలు

పానకాలరావు మాస్టారికి రెండు అలవాట్లు. మొదటిది గవర్నరుపేటలో అచ్చు పనితో సంబంధం ఉన్న వాళ్లందరికీ తెలుసు. కంప్యూటర్లో తయారైన ఏ ఫైలునూ ఆయన నేరుగా మిషన్‌కి పంపరు. ముందు ఒక్క కాగితం మీద తీయిస్తారు. అది డబ్బా అయితే కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి, నిజం డబ్బాలా చేసి బల్ల మీద నిలబెడతారు. వెళ్లి కాఫీ తాగొచ్చి, దాన్ని అప్పుడే షాపులో కొనుక్కొచ్చినవాడిలా అటూ ఇటూ తిప్పి, మొదటి అక్షరం నుంచి చదువుతారు. రెండో అలవాటు ఈమధ్యనే వచ్చింది. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయినప్పటి నుంచి, రోజూ పదకొండు కొట్టగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి కంట్లో చుక్కల మందు వేసుకుంటారు. ఈ కథకు రెండూ కావాలి.

ఆయన దగ్గర ఝాన్సీ రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది. చురుకైన పిల్ల. మాస్టారు గంటలో చేసే పని ఇరవై నిమిషాల్లో చేసి, మిగతా నలభై నిమిషాలూ మాస్టారి పనిని ఓపికగా చూస్తూ కూర్చునేది. ఆ ఓపిక ఒకరోజు అయిపోయింది.

“మాస్టారూ, అచ్చయ్యేదంతా స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉందిగా. పదింతలు పెద్దది చేసి మరీ చూసుకుంటున్నాం. మళ్లీ ఆ ఒక్క కాగితం దేనికండీ?” అని అడిగేసింది.

మాస్టారికి కోపం రాలేదు. “చెబుతాలే” అన్నారు. వారం గడిచినా చెప్పలేదు. జవాబు లేదు కాబట్టే చెప్పలేదని ఝాన్సీ లోలోపల తీర్మానించుకుంది. గురువుగారి మౌనాన్ని తమకు కావలసినట్టు అర్థం చేసుకోవడంలో శిష్యులందరూ ఒకటే.

ఆ వారంలోనే ఒక మందుల కంపెనీ నుంచి డబ్బాల పని వచ్చింది. చెవిలో వేసుకునే చుక్కల మందు. నలభై వేల డబ్బాలు. అదే కంపెనీ కంటి చుక్కలు కూడా తయారుచేస్తుంది, అవీ అచ్చం అలాంటి సీసాలోనే వస్తాయి. అందుకని డబ్బాకు ఒక పక్కన, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, “చెవిలో వేయడానికి మాత్రమే. కంట్లో వేయకూడదు” అని ఉంటుంది. మందు పేరు చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. చెవి అన్న మాట డబ్బా మొత్తం మీద ఆ ఒక్క చోటే ఉంది. ఝాన్సీ మొదట దాన్ని నల్ల అక్షరాల్లో పెట్టింది. శనివారం కంపెనీ మనిషి వచ్చి చూసి, “ఇలా కాదు, ఎర్ర పట్టీ వేసి దాంట్లో తెల్ల అక్షరాలు పెట్టండి, ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనపడాలి” అన్నాడు. ఝాన్సీ రెండే నిమిషాల్లో పట్టీ వేసి, అక్షరాల రంగు మార్చి చూపించింది. స్క్రీన్ మీద అవి నిజంగానే కొట్టొచ్చినట్టు కనిపించాయి. అతను మెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున్నే మాస్టారు కన్ను చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లారు. కంపెనీ మనిషి ఎనిమిదింటికే వచ్చి, సాయంత్రానికి సరుకు అందాలని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఝాన్సీ ఒక్కసారి మాస్టారి ఖాళీ కుర్చీ వైపు చూసింది. కాగితం తీయాలి, కత్తిరించాలి, మడవాలి. స్క్రీన్ మీద అంతా ఉంది. ఫైలు పంపేసింది. అచ్చు ప్లేట్లు తయారై మిషన్ ఎక్కాయి. కంపెనీ మనిషి వ్యాను మాట్లాడుకుంటానని లేచి వెళ్లాడు.

పదింబావుకి కింద మిషన్ దగ్గర నుంచి ఫోన్ మోగింది. సుభానీ. ముప్పై ఏళ్లుగా ఆ మిషన్ ఆయన చేతి మీదే నడుస్తోంది.

“అమ్మాయ్, ఈ ఎర్ర పట్టీలో...”

“ఎరుపు ముదురుగానే రావాలి బాబాయ్! ఫైల్లో ఎట్టా ఉంటే అట్టా వేసెయ్యండి, నేను చూశాగా” అని ఝాన్సీ ఫోన్ పెట్టేసింది.

మరో పావుగంటకు మాస్టారు వచ్చారు. మెట్లెక్కి నేరుగా పైకి రాలేదు, మిషన్ హాల్లోకి వెళ్లి కాసేపు ఉండి వచ్చారు. ఝాన్సీ వెన్ను నిటారుగా పెట్టుకుంది. తన మాట లేకుండా ఎందుకు పంపావని ఆయన అడుగుతారు, తను మర్యాదగానే గట్టిగా జవాబు చెబుతుంది, అంతా సిద్ధంగా ఉంది. కానీ ఆయన ఏమీ అడగలేదు. తన బల్ల దగ్గర, ఆమెకు కాస్త పక్కగా తిరిగి కూర్చుని, అట్ట కత్తిరించే పనేదో పెట్టుకున్నారు. కత్తెర చప్పుడు, ఆ తర్వాత జిగురు వాసన.

గోడ గడియారం పదకొండు కొట్టింది. మాస్టారు పని పక్కకు నెట్టి, బల్ల మీద నుంచి ఒక చిన్న డబ్బా తీసుకున్నారు. కళ్లజోడు సవరించుకుని ముందు వైపు చదివారు. వెనక వైపు చదివారు. రెండు పక్కలూ చదివారు. అది చెవి మందు డబ్బా అని ఝాన్సీ గుర్తుపట్టింది, అచ్చు మొదలయ్యాక ఇంకేం చదువుతారని నవ్వు కూడా వచ్చింది. మాస్టారు డబ్బా మూత విప్పి లోపలి నుంచి సీసా తీశారు. అది కంపెనీ వాళ్లు డబ్బా కొలతల కోసమని ఇచ్చిన నిండు సీసా. లేబుల్ కూడా అతికించలేదు. మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తల వెనక్కి వాల్చారు. ఎడమ చేతి వేలితో కుడికంటి కింది రెప్ప లాగిపట్టి, సీసాను కంటి మీదికి ఎత్తారు.

ఝాన్సీకి పై ప్రాణాలు పైనే పోయాయి. తను ఎప్పుడు లేచిందో, కుర్చీ ఎటు పడిందో ఆమెకు తెలియదు. “మాస్టారూ!” అని ఆమె పెట్టిన కేకకు వీధిలో వాళ్లు ఆగి పైకి చూశారు. ఒక్క దూకులో వెళ్లి ఆయన చేతి మీద కొట్టింది. సీసా ఎగిరి పడి బల్ల కిందికి దొర్లిపోయింది.

“అది చెవి మందు మాస్టారూ! కంట్లో... అదీ ఆపరేషనైన కంట్లో...”

మాస్టారు తాపీగా కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నారు.

“చెవి మందా? అట్టా అని ఎక్కడుంది? నేను నాలుగు వైపులా చదివే తీశా.”

“ఎర్ర పట్టీలో ఉందండీ, ఇంతింత అక్షరాలతో!” అంటూ ఝాన్సీ డబ్బా లాక్కుని పట్టీ తిప్పి చూపించింది.

పట్టీ ఉంది. ఎర్రగా, నున్నగా, నిండుగా ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు.

ఆమె డబ్బాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో వంచి చూసింది. బొటనవేలితో రుద్దింది. తిరిగి స్క్రీన్ వైపు చూసింది. అక్కడ తెల్ల అక్షరాలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తున్నాయి. చేతిలో డబ్బా మాత్రం నోరు మూసుకుని ఉంది. ఝాన్సీ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

తెలివైన పిల్ల కాబట్టి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్షరాలు నల్లగా ఉన్నప్పుడు ఫైల్లో వాటికి ఒక టిక్కు పెట్టింది. కింద ఏ రంగు ఉన్నా దాన్ని తొలగించకు, దాని మీదే అచ్చు వెయ్యి అని ఆ టిక్కుకు అర్థం. నల్ల అక్షరాలకు అలా పెట్టడం మంచిదని మాస్టారే నేర్పారు. శనివారం రంగు మార్చింది, టిక్కు తీయడం మరచిపోయింది. స్క్రీన్ ఆమె ముచ్చట పడ్డ తెలుపు చూపించింది. మిషన్ ఆమె చెప్పిన పని చేసింది. అక్షరాల మేర తెల్ల కాగితాన్ని ఖాళీగా వదలకుండా ఎరుపును పట్టీ నిండా పులిమేసింది.

నలభై వేలు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ, కళ్లజోడు పెట్టుకుని, నాలుగు వైపులా చదివి, తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తుతుంది. అజాగ్రత్త మనిషి కాదు. మాస్టారంత జాగ్రత్తగా చదివే మనిషే. కేక వేసి దూకడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఝాన్సీ మెట్ల మీద పడుతూ లేస్తూ మిషన్ హాల్లోకి పరుగెత్తింది.

హాలు నిశ్శబ్దంగా ఉంది. మిషన్ ఆగి ఉంది. సుభానీ పక్కన స్టూలు మీద కూర్చుని పాత గుడ్డతో చేతులకంటిన ఎరుపు తుడుచుకుంటున్నాడు.

“ఎన్ని... ఎన్ని షీట్లు అయినయ్ బాబాయ్?”

“ఇరవై తిప్పి ఆపేశానమ్మా. నువ్వు వెయ్యమన్నావు గానీ నాకు మనసొప్పలా. మాస్టారొచ్చి చూసిందాకా తిప్పేది లేదని కూచున్నా. ఆయనొచ్చి చూసి, ఒక షీటు పైకి పట్టుకెళ్లారు.”

ఝాన్సీ స్టూలు దగ్గరికి వెళ్లి అడిగింది. “ఇందాక ఫోన్లో ఏం చెప్పబోయారు?”

“ఏముందమ్మా,” అన్నాడు సుభానీ, నిష్ఠూరం కూడా లేకుండా. “ఈ ఎర్ర పట్టీలో ఏమన్నా అక్షరాలు రావాల్సి ఉందా అని అడుగుదామనుకున్నా.”

కొరడాతో కొట్టినా ఆమెకు అంత తగిలి ఉండేది కాదు. ఆ వాక్యంలో ఎన్ని మాటలున్నాయి? అవి పూర్తయ్యేదాకా ఆగి ఉంటే సరిపోయేది. తల వంచుకుని మెట్లెక్కింది.

పైన మాస్టారు తన అసలు కంటి మందు వేసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నారు. ఝాన్సీ పడిపోయిన కుర్చీని లేవనెత్తి, వంగి బల్ల కింద నుంచి సీసా తీసింది. చేతిలో పెట్టుకుని చూసి మళ్లీ నిర్ఘాంతపోయింది. మూత బిగించే ఉంది. దాని చుట్టూ ఉన్న సీలు కూడా చెక్కుచెదరలేదు. ఒక్క క్షణం ఆమెకు ఒళ్లుమండింది. మరుక్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నా గుండె ఆగిపోయింది మాస్టారూ. నోటితో చెప్పొచ్చు కదండీ.”

“వారం కిందట అడిగావుగా. నోటితో చెబుదామనే చూశా, మాటలు దొరకలా” అన్నారాయన కళ్లు తెరవకుండానే.

ఝాన్సీ కంపెనీ మనిషికి ఫోన్ చేసి, తప్పు తనదేనని, వ్యాను ఇవాళ వద్దని చెప్పింది. అతను అరిచినంతసేపూ అరవనిచ్చి, మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నది. ఆ తర్వాత ఫైలు తెరిచి టిక్కు తీసింది. స్క్రీన్ మీద ఏ మార్పూ కనిపించలేదు. తెల్ల అక్షరాలు ఇందాకటి లాగే మెరుస్తున్నాయి. ఆమె ఆ మెరుపును నమ్మలేదు. ఒక్క కాగితం తీసి, కత్తిరించి, మడిచి, జిగురు పెట్టింది. సుభానీని పైకి పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టి డబ్బా చేతికిచ్చింది. తను పక్కన నిలబడింది.

సుభానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాడు. ఎర్ర పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఝాన్సీ ఊపిరి బిగబట్టింది. “చెవిలో... వేయడానికి... మాత్రమే” అని ఆయన గొంతు వినిపించాక గానీ వదల్లేదు.

“ఉన్నాయి మాస్టారూ,” అంది. “ఈసారి నిజంగానే ఉన్నాయి.”

మాస్టారు కళ్లు తెరిచి, కుర్చీలో కూర్చున్న సుభానీనీ, నిలబడి ఉన్న ఝాన్సీనీ చూశారు.

“తెలుపుకు సొంత సిరా లేదమ్మాయ్,” అన్నారు. “ఎరుపు కాస్త ఆగి చోటిస్తేనే అది మాట్లాడుద్ది.”