ఉప్పుమడిలో బంతి

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రపు నీటికి ఎండ తోడై ఉప్పు పండే ఒక రాజ్యం. దాని పేరు లవణపురి.

అక్కడి జనం తెల్లారక ముందే మళ్ళలోకి ఉప్పునీళ్ళు పెట్టేవారు. ఎండకు ఉప్పు తేలాక గంపలకెత్తేవారు. మడి అంటే నాలుగు గట్ల మధ్య చిన్న చదును నేల. ఆ నేలను కాళ్ళతోనే తొక్కి తొక్కి రాయిలా గట్టిచేస్తారు. అందుకే లవణపురిలో చేతుల కంటే కాళ్ళకు పేరెక్కువ.

లవణపురి రాజు చండకీర్తికి కాలిబంతి అంటే పిచ్చి. కోట పక్కన పెద్ద మైదానం వేయించాడు. ఏటా పొరుగున ఉన్న శంఖపురి పిల్లలతో లవణపురి పిల్లలకు పోటీ జరిగేది. ఏటా లవణపురే ఓడేది.

మొదటిసారి ఓడినప్పుడు, పిల్లలకు ఆట నేర్పే క్రీడాచార్యుడు ప్రచండుడు మీసం సవరించుకున్నాడు. "మహారాజా! తప్పు నాది కాదు, పిల్లలదీ కాదు. మైదానం చిన్నది. పెద్ద మైదానంలోనే పెద్ద ఆటగాళ్ళు తయారవుతారు" అన్నాడు. రాజు సరేనన్నాడు. పది ఉప్పుమళ్ళ గట్లు తెంచి మైదానంలో కలిపేశారు.

రెండోసారి ఓడారు. "ఇంకా చిన్నదే మహారాజా!" అన్నాడు ప్రచండుడు. ఇంకో పది మళ్ళు పోయాయి.

మూడోసారీ ఓడారు. ఇక మిగిలినవి పన్నెండే మళ్ళు. "మూడు నెలల్లో ఆ పన్నెండూ మైదానంలో కలిసిపోతాయహో!" అని దండోరా వేశారు.

ఆ పన్నెండింటిలో ఒకటి నూకాలుది. నూకాలు తల్లి తొక్కిన మడి ఇదివరకే పోయింది. తాను తొక్కిన మడి ఇదొక్కటే ఉంది. అది కూడా పోతే తనకూ, పదేళ్ళ కూతురు పైడికీ గంజినీళ్ళు కూడా ఉండవు. దండోరా విని ఉప్పుమళ్ళ వాడంతా ఏడ్చింది. నూకాలుకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"మా మళ్ళను మింగిన మైదానం ఏం పండిస్తోందో చూసొస్తాను" అని గంప చంకనేసుకుని బయల్దేరింది.

మైదానంలో అరవై మంది పిల్లలు. అందరికీ కలిపి ఒకటే బంతి. పిల్లలంతా బారుగా నిలబడ్డారు, అదీ తండ్రుల హోదా ప్రకారం. ముందు మంత్రి కొడుకు, తరువాత సేనాపతి కొడుకు, అట్టడుగున కోట తోటమాలి కొడుకు. ఒకడు బంతి తన్నితే, యాభై తొమ్మిది మంది చేతులు కట్టుకుని చూస్తారు. మళ్ళీ వంతు వచ్చేసరికి నీడలు సాగుతాయి.

ఉప్పు మోసేవాళ్ళకు ఒక అలవాటుంది. ఒక్కో గంప మోసినప్పుడల్లా గట్టు మీద ఒక్కో గులకరాయి వేస్తారు. నూకాలు తోటమాలి కొడుకుని కనిపెట్టుకుని కూర్చుంది. వాడి కాలికి బంతి తగిలినప్పుడల్లా గంపలో ఒక రాయి వేసింది. మొదటిరోజు ఒకటి. రెండోరోజు ఏమీ లేదు. మూడోరోజు రెండు.

"అయ్యగారూ, మూడు రోజులకి ఈ పిల్లాడి కాలికి బంతి తగిలింది మూడుసార్లేనండీ" అంది నూకాలు.

"వంతు రావాలి కదా! ఓర్పు కూడా ఒక విద్యే" అన్నాడు ప్రచండుడు.

"నిలబడ్డం నేర్పడానికి ఇంత మైదానం దేనికండీ? గోడ నీడ చాలదా?"

ప్రచండుడి మొహం కందగడ్డ అయింది. "ఉప్పు గంపలు మోసే చేతులకి బంతి సంగతి ఏం తెలుసు?"

"బంతికీ చేతులకీ పనేటండీ? మీ ఆటలో చేత్తో ముట్టుకుంటే తప్పంట కదా!"

వరుసలో ఉన్న అరవై మందీ కిసుక్కున నవ్వారు. తోటమాలి కొడుకు అందరికంటే గట్టిగా నవ్వాడు.

నూకాలు అటునుంచి అటే సభకు పోయింది. "మహారాజా! మూడు నెలలయ్యాక మా మళ్ళ పిల్లలూ, మీ మైదానం పిల్లలూ మీ మైదానంలోనే ఆడాలి. మేం గెలిస్తే మా మళ్ళు మావి. ఓడితే మా గట్లు మేమే తెంచుకుంటాం."

సభ గొల్లున నవ్వింది. రాజు మాత్రం ఆట అనేసరికి కాదనలేకపోయాడు. "సరే" అన్నాడు.

వాడలో ముసలీముతకా నూకాలును చుట్టుముట్టారు. "నీకేమైనా మతి పోయిందేటే? మనకు మైదానమే లేదు కదే!"

"మైదానం లేకపోతేనేం, మళ్ళున్నాయి" అంది నూకాలు.

పాత గుడ్డలు ఉండచుట్టి, పైన చిరిగిన వల బిగించి బంతులు కట్టించింది. ఉప్పెత్తేసిన మడి ఒక్కొక్కదానిలో ఎనిమిది మందిని దింపింది. ఇటు నలుగురు, అటు నలుగురు. బోర్లించిన రెండేసి గంపల సందే గోలు. బంతి గట్టు దాటితే అవతలి జట్టుది.

మడి చిన్నది. బంతి ఎటు పోయినా ఎవరో ఒకరి కాళ్ళ దగ్గరికే వస్తుంది. నిలబడి చూద్దామంటే కుదరదు. నక్కుదామంటే చోటు లేదు. సాయంత్రానికి పైడి పేరు మీద వేసిన గులకరాళ్ళతో గంప నిండిపోయింది. నూకాలు ఇంకో గంప తెచ్చుకుంది.

నెలకో కొత్త షరతు పెట్టింది. మొదటి నెల, నలుగురి కాళ్ళకూ తగిలాకే గోలు కొట్టాలంది. రెండో నెల, ఒకరి కాలికి బంతి రెండుసార్లకు మించి తగలకూడదంది. మూడో నెల, ముగ్గురి మీద ఇద్దరిని ఆడించింది.

"ఇదేం న్యాయం అత్తా! వాళ్ళు ముగ్గురు, మేం ఇద్దరం!" అని గవరయ్య అనే బొద్దు కుర్రాడు మొత్తుకున్నాడు.

"ఇప్పటిదాకా మనకి న్యాయం ఎవరు చేశార్రా? లేనిచోట దారి వెతుక్కోవాలి. ఆడు!"

గట్టు మీద కూర్చున్న ముసలమ్మలు పాట కట్టారు. "తొక్కినవాడిదే మడి, ఆడినవాడిదే బంతి!" పిల్లలు ఆ పాట అరుస్తూ ఆడేవారు.

మూడు నెలలు గడిచాయి. పోటీ రోజు వచ్చింది. మైదానం చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. అటు పదకొండు మంది పట్టు చొక్కాల్లో, ఇటు పదకొండు మంది ఉప్పు పేరిన కాళ్ళతో.

ఆట మొదలైంది. అంత పెద్ద నేల చూసి మళ్ళ పిల్లలు బెదిరిపోయారు. తలోదిక్కుకూ చెదిరిపోయారు. ఆయాసంతో రొప్పారు. మంత్రి కొడుకు దూరం నుంచి ఒక్క తన్ను తన్నాడు. గోలు! ప్రచండుడు మీసం దువ్వాడు.

మధ్యలో విరామం ఇచ్చారు. పైడి పరుగున వచ్చి తల్లి చీర పట్టుకుంది. "అమ్మా, ఇక్కడ గట్లు లేవే! ఎటు చూసినా ఖాళీయే. ఎక్కడ ఆడాలో తెలీడం లేదే."

నూకాలుకు తన పొరపాటు తెలిసింది. గట్ల మధ్య పెంచిన పిల్లల్ని గట్టు లేనిచోట వదిలేసింది కదా! పన్నెండు మళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. తల వంచుకుంది. అప్పుడు కనిపించింది, కాలి కింద నేల. గడ్డి సందుల్లో తెల్లగా ఉప్పు పొర.

నూకాలు గట్టిగా నేలను తొక్కింది.

"ఇలా రండి అందరూ! ఇది ఎవరి నేలో తెలుసా? మీ అమ్మమ్మ తొక్కిన మడే పైడీ ఇది. గవరయ్యా, అదిగో, అది మీ తాతది. ఇది మైదానం కాదర్రా, గట్లు తెంచేసిన మన మళ్ళు! బంతి ఎక్కడుంటే అక్కడే మీ మడి. బంతితో పాటే మడినీ వెంట తీసుకుపోండి!"

పిల్లలు కాళ్ళ కిందకు చూశారు. తరువాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మళ్ళీ ఆట మొదలైంది. ఈసారి మళ్ళ పిల్లలు చెదరలేదు. బంతి చుట్టూ నలుగురు, కనబడని నాలుగు గట్లు. బంతి కదిలితే గట్లూ కదిలాయి. పైడి నుంచి గవరయ్యకు, గవరయ్య నుంచి ఇంకొకరికి, రెండు తాకిళ్ళకు మించకుండా బంతి నేల మీదే జారింది. మైదానం పిల్లలు ఎటు ఉరకాలో తెలియక సుడి తిరిగారు. గోలు!

కాసేపటికి గవరయ్యా, మరో పిల్లా ముగ్గురి మధ్య ఇరుక్కున్నారు. "ఇద్దరమే!" అని నవ్వాడు గవరయ్య. ముగ్గురినీ దాటించి బంతిని వలలో వేశాడు.

ఇక కొద్ది క్షణాలే మిగిలాయి. మంత్రి కొడుకు, సేనాపతి కొడుకు ఎలాగో తప్పించుకుని దూసుకొచ్చారు. బంతి వాళ్ళిద్దరి మధ్యకొచ్చి ఆగింది. ఎదురుగా గోలు ఖాళీ! 

సేనాపతి కొడుకు ఆగిపోయాడు. "ముందు మీ వంతు" అన్నాడు.

మంత్రి కొడుకు తడబడ్డాడు. "ఇందాక నేను తన్నాను. ఇప్పుడు మీ వంతు కదా?"

ఇద్దరూ ప్రచండుడి వైపు చూశారు, వంతు ఎవరిదో చెప్తాడేమోనని. ఆ చూపు ఇటు తిరిగేలోపు పైడి బంతి తీసుకుపోయింది. నలుగురి కాళ్ళు మారి, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, బంతి మూడోసారి వలలో పడింది.

మళ్ళ వాడ హోరెత్తింది. "తొక్కినవాడిదే మడి! ఆడినవాడిదే బంతి!" ముసలమ్మలు గంపలు గాల్లోకి ఎగరేశారు. పదకొండు మందిలో చోటు దొరకని తోటమాలి కొడుకు కూడా కంచె ఎక్కి ఆ మాటే అరిచాడు. నూకాలు మాత్రం నడుం మీద చేతులు వేసుకుని నిటారుగా నిలబడింది. ఆ రోజు ఆమె నిలబడ్డ తీరు వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "నూకాలమ్మా, ఇంత పెద్ద మైదానం చేయలేని పని ఆ చిన్న మడి ఎలా చేసింది?"

నూకాలు రెండు మూటలు విప్పింది. ఒక దానిలో మూడే గులకరాళ్ళు. రెండో దానిలోంచి రాళ్ళు జలజలా రాలి రాజు పాదాలు మునిగిపోయాయి.

"మొదటిది మైదానంలో ఒక పిల్లాడికి మూడు రోజుల్లో తగిలిన బంతి. రెండోది మడిలో ఒక పిల్లకు మూడు రోజుల్లో తగిలిన బంతి. అంతే మహారాజా."

రాజు వంగి ఆ రాళ్ళలో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "నీకు క్రీడాచార్య బిరుదు ఇస్తున్నాను" అన్నాడు.

"బిరుదు మీ దగ్గరే ఉంచుకోండి. ఎనిమిది మందికి ఒక బంతి చొప్పున ఇప్పించండి. మా మళ్ళు మాకు తిరిగి ఇప్పించండి."

పన్నెండు మళ్ళూ నిలిచాయి, పోయిన ఇరవై తిరిగి వచ్చాయి. మిగిలిన మైదానంలో కూడా రాజు గట్లు వేయించాడు. మంత్రి కొడుకూ, తోటమాలి కొడుకూ ఒకే మడిలో ఆడారు. ప్రచండుడు గట్టు మీద కూర్చుని, ఎవరికి ఎన్నిసార్లు బంతి తగిలిందో లెక్కపెడుతూ గులకరాళ్ళు వేశాడు. ఆ ఏడు శంఖపురి పిల్లలు మొదటిసారి ఓడి వెళ్ళారు.

నీతి: వరుసలో నిలబెడితే పిల్లలు నిలబడటమే నేర్చుకుంటారు, అందరి కాలికీ బంతి అందితేనే ఆటగాళ్ళవుతారు.